విమానానికి వెలిగిన లైట్లు

శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో పెళ్లికొడుకు అడుగుపెట్టగానే నీలం, ఎరుపు వెలుగులు గిర్రున తిరిగాయంటే, వెనక మూల లైటింగ్ బోర్డు దగ్గర ఎజ్రా ఉన్నాడన్నమాటే. ఏ పాటకు ఏ రంగు రావాలో ముందే బోర్డులో ఎక్కించి పెట్టుకుంటాడు. ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చమంటే మాత్రం పండగ దాకా ఆగాలి.

అతని భార్య రేచల్ పాల్మాకుల చర్చిలో పాటలు పాడేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు సన్నబడి, పాడటమే మానేసింది. ఆమె కోలుకున్నందుకు ఇంటివాళ్లు ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత ప్రార్థన కూటం పెడితే, ఒక్క పాట పాడతానని తనే అంది. తలుపేసుకుని సాధన చేసింది. ఈ పాట నిలబడకపోతే రేచల్ మళ్లీ మైకు ముట్టదని ఎజ్రాకు తెలుసు.

అందుకే తన విద్యంతా బయటికి తీశాడు. మైకును బోర్డుకు కలిపాడు. ఆమె గొంతు లేచినకొద్దీ లైట్లు వాటంతట అవే పెరగాలి. ఎంత గొంతుకు ఎంత వెలుగో సరిచూడటానికి ఫోన్‌లో ఉన్న ఆమె పాట పెట్టుకున్నాడు. ఏం తెలివి! ఆ పాట ఆపరేషన్‌కు ముందుది.

కూటం రోజు చీకటి పడ్డాక రేచల్ పాట ఎత్తుకుంది. ఒక్క లైటూ వెలగలేదు. ఆమె గొంతు ఆ బోర్డుకు ఆనలేదు. సరిగ్గా అప్పుడే షామియానా మీదుగా విమానం పోయింది. ఆ హోరు మైకులో పడగానే లైట్లన్నీ భగ్గుమన్నాయి. జనం గొల్లున నవ్వారు. విమానంతోపాటే వెలుగూ పోయింది. మామూలు లైటు వేద్దామని ఎజ్రా స్విచ్చు కోసం తడుముకున్నాడు.

రేచల్ పాట ఆపేసింది. "ఏందయ్యా, గిట్ల పెట్టినవ్?"

ఎజ్రా స్టేజీ దగ్గరికి పరుగెత్తాడు. "నీ పాత పాటకు పెట్టిన, రేచల్. తప్పైంది."

ఆమె మైకు పక్కకు దించింది. "ఆ గొంతు ఇగ రాదు. నేను ఏడ్చి ఊకున్న. నువ్వింకా ఎదురుచూస్తున్నవా?"

అవును, ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి తనకు తానే ఎన్నడూ చెప్పుకోలేదు. సిగ్గూ దుఃఖమూ కలిసి కళ్లు నిండాయి.

వెనక్కి వచ్చి, బోర్డులో పాత లెక్కంతా చెరిపేశాడు. "జర పాడు," అని అక్కడి నుంచే కేకేశాడు. "నీకెట్ల వస్తే గట్లనే."

ఆమె సన్నగా మొదటి చరణం అందుకుంది. ఆ సన్నని గొంతుకే లైట్లు అందుకునేలా ఎజ్రా బోర్డు మీది నాబ్ తిప్పుతూ పోయాడు. ఒక లైటు వెలిగింది. రేచల్ పాట ఆపి, తలెత్తి చూసింది. ఎజ్రా నాబ్ ఇంకాస్త తిప్పాడు.

"సరిపాయెనా?" అని మైకులో మెల్లగా అడిగింది.

ఆ ఒక్క మాటకే స్టేజీ అంతా వెలిగింది.