చూసిన ఒక్కడు

దుబాయ్‌లో నా రెండో కొలువు ఒక ముసలి ఇంగ్లీషాయనకు పగలంతా తోడుండటం. పంతొమ్మిది వందల డెబ్బైల చివరి మాట. ఆయన కొడుకు ఇంజనీరు, పొద్దున సైటుకు పోతే సాయంత్రానికి గానీ వచ్చేవాడు కాదు. తండ్రికి ఎనభై దాటాయి. వయసులో ఉండగా బ్రిటిష్ ఫౌజుతో పాటు కొన్నేళ్లు ఇండియాలో ఉన్నాడట. అప్పటి అరకొర హిందీయే మా ఇద్దరికీ భాష. అది కూడా ఎక్కువగా అవసరపడేది కాదు. ఏసీ చప్పుడు వింటూ చెరో కుర్చీలో కూర్చునేవాళ్లం. శుక్రవారం సెలవునాడు నైఫ్ బజారులో మా ఊరివాళ్లను కలిస్తే తప్ప నా నోట తెలుగు మాట వచ్చేది కాదు.

ఒకనాడు ఆయన అలమర సర్దుతుంటే నల్లబడిపోయిన వెండి పతకం దొరికింది. ఒకవైపు రాజు తల ఉంది. సంతోషిస్తాడనుకుని, పాలిష్‌తో రుద్ది తళతళలాడించి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ముఖం పాలిపోయింది. అరవై ఏళ్లుగా దాన్ని తుడవలేదని మెల్లగా అన్నాడు. ఇక నా కొలువు ఖలాస్ అనుకున్నాను.

ఆయన తిట్టలేదు, కూర్చోమన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు కొత్తగా వచ్చినప్పుడు ఆయనకు పందొమ్మిదేళ్లు. ఆ ఇనప డబ్బాలో ఎనిమిది మంది, నడుమ ఇంజను, ఊపిరాడని పొగ. మాట వినపడక పానాతో ఇనుము మీద కొట్టి సైగ చేసుకునేవారట. ఒక ఉదయం ట్యాంకు బురదలో దిగబడింది, గుండు తగిలి అంటుకుంది. ఈయన తమ ఆఫీసరును బయటికి లాగాడు. అప్పటికే బయటపడ్డ ఈయన స్నేహితుడు, లోపల మిగిలినవాళ్ల కోసం మళ్లీ దూరాడు. తిరిగి రాలేదు. ఆఫీసరు బతికి, తనను కాపాడినవాడి గురించి పైకి రాశాడు. అలా వచ్చింది ఈ పతకం. స్నేహితుడు వెనక్కి వెళ్లడం చూసింది ఈయన ఒక్కడే.

"మైంనే దేఖా థా. బోలా నహీ. మెడల్ ముఝే చాహియే థా," అన్నాడు.

తను చూశాడు, కానీ చెప్పలేదు. చెబితే పతకం ఆ స్నేహితుడికి పోతుందేమోనని, అది తనకే కావాలని. టీ పెట్టి తెచ్చాను.

ఆ వారమంతా ఆయన ఉత్తరం రాశాడు, స్నేహితుడి చెల్లెలికి. పతకం కూడా అందులోనే పెట్టి, కొడుక్కి చెప్పొద్దని నాతో పోస్టు చేయించాడు. శుక్రవారం నైఫ్‌లో కలిసిన మా ఊరి అన్నకు ఈ సంగతి చెబితే, "గాళ్ల ఇంటి ముచ్చట్లు మనకెందుకు తమ్మీ, జర పైలంగుండు," అన్నాడు.

ఆ తర్వాత సాయంత్రం కొడుకు రాగానే, ఆఫీసు పోస్టుబాక్సులో తనకేమైనా ఉత్తరం వచ్చిందా అని ముసలాయన అడిగేవాడు. ఎవరి ఉత్తరం కోసమో కొడుక్కి తెలియదు. తెలిసిన నేను తలొంచుకుని పళ్లెం తీసుకుపోయేవాణ్ని. జవాబు రాలేదు. ఎండలు ముదరకముందే ఆయనను ఇంగ్లండు తీసుకెళ్లారు. చలికాలంలో అక్కడే పోయాడు.

ఇంజనీరు తిరిగి వచ్చి, అలమర వెతికి, పతకం ఏమైందని, ఇల్లు కనిపెట్టుకుని ఉన్న నన్ను అడిగాడు. దొంగననుకుంటాడేమోనని భయపడినా, సైటులో కూలీలతో ఆయన మాట్లాడే హిందీలో మొత్తం చెప్పాను. ఈ కథ ఆయన ఎన్నడూ వినలేదట. తండ్రి కుర్చీలో కూర్చుని, ఆ స్నేహితుడి పేరేమిటని అడిగాడు.

ముసలాయన నాకు పేరు చెప్పలేదు. కవరు మీద చెల్లెలి పేరు ఉండే ఉంటుంది, కానీ నాకు ఇంగ్లీషు చదవడం రాదు.