సాగదీత

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె సెకండ్ల ముల్లు. పాత బట్టలు సరిచేసే దుకాణం ఆమెది. కొత్తవి కుట్టదు. ప్యాంటు పొడుగు తగ్గించడం, కోటు నడుము బిగించడం, చెడిపోయిన జిప్పు పీకి కొత్తది వేయడం, ఇదీ పని. "సాయంత్రానికి అవుతుందా?" అని ఎవరైనా అడిగితే ఎగాదిగా చూసి, "సాయంత్రం దాకా దీన్ని పెట్టుకుని నేనేం చేస్తాను? ఆ స్టూలు మీద కూర్చోండి" అనేది. వాళ్ళు కూర్చుని ఫోను బయటికి తీసేలోపు పని అయిపోయేది. ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, టీవీ, వెనక గదిలో పొయ్యి, రెండు మంచాలు, మధ్యన ఒక పరదా. ఎవరైనా మాటను మెలికలు తిప్పుతుంటే "విషయానికి రండి" అని మొహం మీదే అనేస్తుంది, ఎదుట ఉన్నది ఎంతటివాళ్ళైనా సరే.

అలాంటి మనిషి రోజూ మధ్యాహ్నం రెండింటికి టీవీ సీరియల్ ముందు కూర్చోవలసి వచ్చింది. అదీ తన కోసం కాదు, అక్క కోసం.

అక్క ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఇవన్నీ పుస్తకంలో రాయడం ఆమె ఉద్యోగం. డ్రైవర్లు కాళ్ళావేళ్ళా పడినా ఒక్క నిమిషం తగ్గించి రాసిన పాపాన పోలేదు. రిటైరైన రెండో ఏడు కళ్ళకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరకు నడిమధ్య కూడా చీకటైపోయింది. అక్కకు పెళ్ళీ పెటాకులూ లేవు. చెల్లెలికి భర్త పోయి ఆరేళ్ళు. ఇద్దరూ ఒక్క చూరు కిందకు చేరారు.

ఎనిమిది నెలల కిందట ఆస్పత్రిలో డాక్టరు చెల్లెల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. "చూపు ఇక రాదమ్మా. నరం ఎండిపోయింది. ఎంత త్వరగా కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటే ఆమెకంత మంచిది. మీ పక్క వీధిలోనే నేర్పే చోటుంది" అన్నాడు. బయట వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. వానలో తడిసిన చీర కొంగు పిండుకుంటోంది. అడుగుల చప్పుడు విని మొహం ఎత్తి, "ఏమన్నాడే?" అంది. ఆ మొహం చూసేసరికి, ఎవరినీ సాయంత్రం దాకా ఆగనివ్వని ఆ మనిషి, "చుక్కలు వేసుకోమన్నాడు. టైము పడుతుందట" అంది.

టైము పడుతుందట. ఆ ఒక్క మాట మీద ఎనిమిది నెలలుగా ఇల్లు నడుస్తోంది. అక్క పూటకు రెండు చుక్కలు తప్పకుండా వేసుకుంటుంది. కర్ర మాట ఎవరైనా ఎత్తితే, "ఎందుకూ, చూపొచ్చాక దాన్ని మూల పడెయ్యడానికా?" అంటుంది. గుమ్మం దాటదు. మంచం నుంచి కుర్చీ, కుర్చీ నుంచి మంచం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ చెల్లెలు ఎదురుగా కూర్చుని గుండీలు కుట్టుకుంటుంది.

నిజానికి అక్కకు సీరియల్ మీద మోజేమీ లేదు. చూపున్న రోజుల్లో ఇలాంటివాటి వైపు తల తిప్పిన మనిషి కాదు. రెండింటికి మొదలై రెండున్నరకు ఖచ్చితంగా అయిపోయేది ఆమె రోజులో ఇంకేదీ లేదు, అందుకని.

ఆ సీరియల్ కథ నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. ఒక అత్తగారు. ఆమె పెద్దకొడుకు ఓడలో పనికి వెళ్ళి తిరిగి రాలేదు. వాడు చనిపోయాడని ఒక ఉత్తరం వచ్చి కోడలి చేతిలో పడింది. చెబితే అత్తగారు తట్టుకోలేదని కోడలు దాన్ని బీరువాలో దాచింది. ఆవిడేమో రోజూ కొడుకు గది తుడిపించి, మంచం మీద దుప్పటి మార్పించి, గుమ్మంలో కూర్చుంటుంది. తొంభై ఎపిసోడ్లుగా ఇంతే.

మొదటి నాలుగు నిమిషాలు నిన్న జరిగింది చూపిస్తారు. నిన్న ఏమీ జరగలేదు. తరువాత ప్రకటనలు. ఆ తరువాత కోడలు బీరువా తలుపు మీద చెయ్యి వేస్తుంది. వెంటనే ఉరుము. పడకగదిలో, మిట్టమధ్యాహ్నం, ఉరుము! కోడలి మొహం మూడు వైపుల నుంచి మూడుసార్లు. ఆడపడుచు మొహం మూడుసార్లు. ఏ సంబంధమూ లేని వంటమనిషి మొహం కూడా మూడుసార్లు. ఒకావిడ "అంటే..." అంటుంది. ఇంకో ఆవిడ "అవును..." అంటుంది. అయిపోయింది, రేపు రండి.

"ఏం జరుగుతోందే?" అని అడిగేది అక్క.

"చూసుకుంటున్నారు."

"ఎవరు?"

"అందరూ."

"ఊ. తరువాత?"

"ఇంకా చూసుకుంటున్నారు. వీళ్ళ చూపులు తగలెయ్య!" అని, ఎవరితో అంటున్నదీ గుర్తొచ్చి నాలిక కరుచుకునేది.

ఆమె చీదర అంతా ఇంతా కాదు. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ వడ్డించేది. "ఆ కోడలు నోరు తెరిచి ఒక్క మాట చెబితే సీరియల్ ఆ పూటే అయిపోతుంది. చెప్పదు. ఎందుకు చెప్పదంటే, చెబితే రాసేవాడికి రేపటి నుంచి పని ఉండదు. దానికి జాలి అని పేరొకటి! జాలీ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఆ ముసలావిణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టి తొంభై ఎపిసోడ్లు కాలక్షేపం చేశారు."

సినిమాలన్నా అంతే. ఒకసారి ఎవరో బలవంతాన హాలుకు తీసుకెళితే, హీరోగారు కారు దిగడానికి పావుగంట పట్టింది. మొదట చెప్పు, తరువాత చెయ్యి, తరువాత వీపు. కథ ఇంటర్వెల్ తరువాత మొదలవుతుందని పక్కసీటాయన ధైర్యం చెప్పాడట. "అయితే మనం ఇప్పుడెందుకొచ్చాం?" అని లేచి వచ్చేసింది. ఫోనులో వచ్చే సిరీస్ ఏదో చూడమని, మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓర్చుకుంటే తరువాత బాగుంటుందని ఒక కాలేజీ పిల్ల చెప్పింది. "మొదటి నాలుగు గుండీలు లేని చొక్కా ఇస్తాను, అయిదోది బాగుంటుంది, వేసుకుంటావా?" అంది. ఆ పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలాగని నెమ్మదితనమంటేనే ఆమెకు పడదనుకుంటే పొరపాటు. ఒకరోజు టీవీలో ఎవరో ముసలాయన పడవ చేస్తున్నాడు. అరగంట సేపు మాట లేదు, పాట లేదు, ఒక్క పలకను చిత్రిక పడుతూనే ఉన్నాడు. కస్టమరును నిలబెట్టి మరీ చూసింది. "పలక పలచబడుతోంది కదండీ!" అంది. ఆమె అడిగేదల్లా అదే. మొదట ఒకలా ఉన్నది చివరికి ఇంకోలా అవ్వాలి. వేగం ఎవడిక్కావాలి?

ఒక సోమవారం ఇక ఆమె వల్ల కాలేదు. కోడలు ఉత్తరం బయటకు తీసి, దాని వంక చూసి, మళ్ళీ లోపల పెట్టింది. అది అలా పెట్టడం పదకొండోసారి. "ఏం చేసింది?" అంది అక్క.

వదులుగా వచ్చింది ఏదైనా సరే, బిగించకుండా వదిలేసే చెయ్యి కాదది. "తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టేసింది" అని చెప్పేసింది.

"హమ్మయ్య!" అంది అక్క. కుర్చీలో ముందుకు జరిగింది. ఆ జరగడం చూసి చెల్లెలికి ఒళ్ళు మరిచిపోయినంత ఆనందం కలిగింది. ఇక ఆగలేదు. మంగళవారం అత్తగారు బావురుమంది. బుధవారం గది కిటికీలు తెరిపించింది. శుక్రవారం ఆ గది ఒక నర్సుకు అద్దెకిచ్చింది. తెర మీద ఆడవాళ్ళు ఇంకా ఉరుములకు ఉలిక్కిపడుతూనే ఉన్నారు. ఎవరైనా వరసగా నాలుగు మాటలు మాట్లాడేలా కనబడితే చెల్లెలు మిషను తొక్కేది. ఆ గడగడలో వాళ్ళ మాటలు కలిసిపోయేవి.

"ఆవిడ మంచి పని చేసింది. తెలిస్తే మనిషి ఏదో ఒకటి చేసుకుంటుంది. తెలియకపోతేనే గుమ్మంలో కూర్చుంటుంది" అంది అక్క ఒక రోజు, చుక్కల సీసా మూత బిగిస్తూ.

చెల్లెలికి సూది వేలిలో దిగింది. నోరు తెరిచింది కూడా. అంతలో ఎవరో ప్యాంటు పట్టుకుని వచ్చారు. ప్యాంటు వచ్చిందని లోలోపల సంతోషించింది.

తరువాతి గురువారం పొద్దున పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ కోటు గుండీ కోసం వచ్చింది. కూర్చుంటూనే, "అక్కయ్యగారూ, మీరూ చూస్తున్నారా ఆ రెండింటి సీరియల్? ఆ ఉత్తరం ఎప్పటికి బయటపడుతుందో ఏమో!" అంది.

అక్క నవ్వింది. "బయటపడి పదిరోజులైంది కదండీ. గది నర్సుకి అద్దెక్కూడా ఇచ్చేశారు."

"నర్సా? ఏ నర్సండీ? నిన్న కూడా ఆ అమ్మాయి బీరువా ముందు నిలబడి..."

మిషను గడగడలాడింది. సూది కింద గుడ్డ లేదు. చెల్లెలు తల ఎత్తకుండా తొక్కుతూనే ఉంది. పోస్టాఫీసావిడ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, గుండీ పడీ పడకముందే కోటు అందుకుని వెళ్ళిపోయింది.

"మిషను ఆపు" అంది అక్క.

ఆపింది.

"నిన్నా ఇలాగే తొక్కావు. మొన్నా అంతే. పని ఎక్కువుందేమో పాపం అనుకున్నాను. అసలక్కడ ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదక్కా. అదే కదా నా ఏడుపు! ఉత్తరం ఇంకా బీరువాలోనే ఉంది. ఆ దరిద్రాన్ని ఉన్నదున్నట్టు నీకెలా చెప్పను? రోత పుట్టింది."

"రోతైతే రోతని చెప్పు. ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం. నీకు రోత పుడితే నాకు మార్చి చెబుతావా?" అక్క గొంతు పెంచలేదు. డిపోలో డ్రైవర్లతో మాట్లాడిన గొంతది. "ఇంతకీ ఆ అమ్మాయి ఎందుకు దాచిందట?"

"చెబితే తట్టుకోలేదని" అంది చెల్లెలు.

అన్నాక గానీ ఆ మాట తనకు ఎంత బాగా తెలుసో తట్టలేదు. అది ఏ రచయితా రాసిచ్చింది కాదు. ఆస్పత్రి వరండాలో, తడిసిన చెప్పులతో నిలబడి, తనకు తాను చెప్పుకున్న మాట. తొంభై ఎపిసోడ్లుగా ఎవరిని చూసి ఛీ అంటోందో తెలిసింది. ఆ సీరియల్ రాసేవాడు రోజుకు అరగంటే తీసుకున్నాడు. తను మనిషి బతుకులోంచి రోజుకు ఇరవై నాలుగు గంటలు తీసుకుంది.

"ఇంకా ఏమేం మార్చి చెప్పావే నాకు?" అంది అక్క.

కాలు దానంతట అదే మిషను పెడలు మీదకు వెళ్ళింది. తీసి నేల మీద పెట్టింది.

"నీకు చూపు రాదక్కా. నరం ఎండిపోయిందట. అప్పుడే చెప్పాడు. కర్రతో నడవడం వెంటనే నేర్పించమన్నాడు. నేనే చెప్పలేదు."

అక్క ఒళ్ళోని చుక్కల సీసా పైకెత్తి, "మరి ఇదేంటి?" అంది.

"కళ్ళు పొడిబారకుండా."

"అప్పుడే అంటే ఎప్పుడు?"

"వానలో వెళ్ళాం చూడు, ఆ రోజే."

అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒక్కో వేలూ మడిచి, ఒక్కో నెలా పైకి అంది. ఎనిమిదో నెల దగ్గర ఆగింది. "ఎనిమిది నెలలు ఆలస్యం" అంది. "ఛీ!"

చెల్లెలు లేచి వచ్చి కుర్చీ పక్కన కింద కూర్చుంది. అక్క మోకాలి మీద చెయ్యి వేయబోయి వెనక్కు తీసుకుంది. "తిట్టక్కా. కొట్టు. నీ ఇష్టం. రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసుంటుందట, నేనే దగ్గరుండి తీసుకెళతాను. రోజూ తీసుకెళతాను."

"వెళతాను. రేపే వెళతాను" అంది అక్క. సీసాను తడుముకుంటూ ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. "నువ్వు మాత్రం రావద్దు. ఆ పోస్టాఫీసావిణ్ణి అడుగు. దారిలో గుంట ఉంటే గుంట ఉందని చెప్పేవాళ్ళు కావాలి నాకు."