బంతి పడ్డ చోటు

మిర్యాలగూడలో కొన్నేళ్లు, కోదాడలో కొన్నేళ్లు, చివరికి సూర్యాపేటలో ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పాను. ఊళ్లు మారాయి గానీ ప్రాక్టికల్స్ మారలేదు. ముందు జవాబు వేసుకోవడం, దానికి సరిపడే రీడింగులు వెనక్కి లెక్కగట్టి రాసుకోవడం. లోలకం ఊగకముందే రికార్డు నిండిపోయేది. చూసీ చూసీ నాకు ఒళ్లుమండేది.

సూర్యాపేటలో ఉండగా డిజిటల్ కెమెరా కొన్నాను. బంతి విసిరి వీడియో తీస్తే, కంప్యూటర్లో ఒక్కో ఫ్రేము ఆపి బంతి ఉన్నచోట చుక్క పెట్టొచ్చు. సూత్రం ఇస్తే, గాలే లేకపోతే ఆ బంతి ఎలా పోవాలో కంప్యూటరే పక్కన గీసి చూపిస్తుంది. ప్రిన్సిపాల్‌ని బతిమాలితే ఒక్క శనివారం ఇచ్చాడు.

"ఎంసెట్ బిట్లు ఇడిసిపెట్టి గీ ఆటలేంది సార్? సరే, ఒక్కపాలి సూస్త. మంచిగుంటే ప్రతివారం పెట్టుకోండ్రి" అన్నాడు.

నా ఆశంతా తుంగతుర్తి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మీదే. పాఠం మధ్యలో లేచి "ఎందుకు సార్?" అని అడిగేది ఆ క్లాసు మొత్తంలో ఆమె ఒక్కతే. మిగతావాళ్లు నవ్వినా ఖాతరు చేసేది కాదు.

కావాలనే తేలికపాటి ప్లాస్టిక్ బంతి తెచ్చాను. గాలి ఆపుతుంది కాబట్టి అసలు బంతి, కంప్యూటర్ గీసినదానికంటే ఇవతలే పడాలి. ఆ తేడా చూసి ఆమె ఎందుకని అడగాలి. నాకు కావలసింది అంతే. గ్రౌండులో వీడియో తీసి, ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ప్రిన్సిపాల్‌ని పిలవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి తెరమీద బంతి చుక్కల గీతా, కంప్యూటర్ గీసిన గీతా కలిసిపోయి ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"అబ్బ, మంచిగొచ్చింది! ఎట్ల చేసినవమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఫస్టు తేడా వచ్చింది సార్. చుక్కలు జర జరిపి సరిచేసిన."

ఆమె గొంతులో బెరుకు లేదు, దాపరికమూ లేదు.

"శభాష్! ఇగ ప్రతి శనివారం పెట్టుకోండ్రి సార్" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడాయన.

నేను చివరి ఫ్రేము ఆపాను. బంతి నేలను తాకి ఉంది. ఆమె పెట్టిన చుక్క చాలా అవతల, ఉత్త మట్టి మీద ఉంది.

"గీడ బంతి ఉన్నదా అమ్మా?"

"లేదు సార్."

"మరి చుక్కెందుకు పెట్టినవ్?"

ఇంత చిన్న సంగతి మాస్టారికి తెలియదా అన్నట్టు నన్ను వింతగా చూసింది.

"ఆన్సర్ గాడున్నది గద సార్."

కోరుకున్న శనివారాలన్నీ దొరికాయి. ఆ కంప్యూటర్ గది తాళం తీయాలంటేనే నాకు ఏడుపొచ్చేది.