నేను పెట్టిన కళ్ళు

దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. డ్రాయింగ్ మాస్టారుని. గోడ మీది మరకలో ఎవరికైనా మొహం కనిపిస్తే, వెలుతురు ఏ పక్క నుంచి పడుతోందో చూపించి భయం పోగొట్టేవాణ్ణి. అయినా పుంగనూరులో జరిగింది రాయక తప్పదు. నా తప్పుకు ఇంకొకాయన నింద మోశాడు.

ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ళకు పని పోతున్న రోజులవి. రెండువేల మూడో, నాలుగో. మదనపల్లెలో మూతబడిన రెండు అంగళ్ళను నెల రోజులకు అడిగి తీసుకుని, ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళవన్నీ ప్రదర్శనకు పెట్టించాను. జనం బాగా వచ్చారు. ఆ ఊపులో పుంగనూరులో ఒక పాత గుడ్డలంగడి తాళాలు సంపాదించాను. అలమరలు ఊడదీశారు గానీ, ఆడవాళ్ళు చీర భుజాన వేసి చూసుకునే నిలువుటద్దం గోడకే ఉండిపోయింది.

బోర్డులు రాసే మునెప్ప చనిపోయిన కూతురు సుగుణ బొమ్మ తెచ్చాడు. మొహమంతా పూర్తయింది. కళ్ళ చోట మాత్రం పెన్సిలు గీతలే.

"కండ్లు రేపు పెడతా సార్. పోయినోళ్ళ బొమ్మకు ఇంటోళ్ళ ముందరే కండ్లు తెరిపించల్ల. వాళ్ళమ్మ కుప్పంలో పుట్టింటి నుంచి వస్తాండాది. అది అద్దం పట్టుకుంటే బిడ్డ మొదట తన్ను తానే సూసుకుంటాది. అందాకా ఎవురూ ముట్టగాకండి."

మర్నాడు పొద్దున్నే ప్రారంభం. ఆమె బస్సు ఆలస్యమైతే వచ్చిన పెద్దమనుషులు గుడ్డి బొమ్మను చూస్తారని నా బాధ. ఈమాత్రం కళ్ళు నేను పెట్టలేనా అన్న పొగరు కూడా. ఆ మధ్యాహ్నమే అన్నం తిని వచ్చి, ఒక్కణ్ణే కూర్చుని పెట్టేశాను. బాగా కుదిరాయి. సూటిగా నన్నే చూస్తున్నాయి.

కుంచె కడగడానికి లేచినప్పుడు ఎదురుగా అద్దంలో బొమ్మ కనిపించింది. అందులో కళ్ళు లేవు.

వెనక్కి తిరిగాను. బొమ్మలో ఉన్నాయి. అద్దంలో తెల్లటి ఖాళీ. మూడుసార్లు చూశాను. బయట ఎండ, రోడ్డు మీద బస్సుల హారన్లు. అద్దం మీద దుప్పటి కప్పి షట్టర్ దించేశాను.

పొద్దున సుగుణ తల్లి నాగమ్మ బస్సు దిగి నేరుగా వచ్చింది. కొంగులో చేతి అద్దం చుట్టుకుని ఉంది. బొమ్మ ముందు నిలబడింది.

"ఇవి నా బిడ్డ కండ్లు గావు" అంది.

"ఎవురు సార్ పెట్టింది?" అన్నాడు మునెప్ప.

చుట్టూ జనం. నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. "నువ్వే గదా మునెప్పా, మర్చిపోయినావా?"

"నేను ముట్టనే లేదు సార్" అన్నాడు మునెప్ప. "రంగుల వాసనకు మతి పోయినట్టుండాదిలేప్పా" అని ఎవరో నవ్వారు.

నాగమ్మ నవ్వలేదు. మొగుణ్ణే చూస్తూ, "నేనొచ్చేదాకా ఆగలేకపోతివా?" అంది. ఆ పూటే కుప్పం వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయనతో కాపురానికి రాలేదు. మునెప్ప బొమ్మను పంచెలో చుట్టుకుని పోయాడు. ఆ తరవాత కుంచె పట్టలేదని విన్నాను.

మునెప్ప చనిపోయిన నాలుగేళ్ళకు కుప్పం వెళ్ళాను. చెప్పేద్దామని. నాగమ్మ ఇంట్లో గోడకు సుగుణ బొమ్మ ఉంది.

కళ్ళు లేవు.

"ఆయప్ప సామాన్లతో వచ్చింది. గుడ్డ ఇప్పితే ఇట్లుండాది. నా కోసరమే తుడిచేసినట్టుండాడు" అంది నాగమ్మ.

దగ్గరికెళ్ళి వేలితో తడిమాను. ఎండిన ఆయిల్ పెయింటు తుడిస్తే పోదు, గీకితే మచ్చ పడుతుంది. మచ్చ లేదు. నేను రంగు కింద కప్పేసిన మునెప్ప పెన్సిలు గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అక్కడే నిలబడి అంతా చెప్పాను. కళ్ళు పెట్టింది నేనని, అద్దం చూపలేదని, అవి తెరుచుకుని మొదట చూసింది నన్నేనని, మునెప్పకు ఏ పాపమూ తెలియదని.

ఆమె తిడుతుందనుకున్నాను. బొమ్మ వైపు తిరిగింది.

"అయితే నా బిడ్డ ఇన్నేండ్లూ ఎవుర్ని సూస్తాండాదప్పా?"

అద్దంలో నా వెనక ఆ కళ్ళు కనిపిస్తాయేమోనని మా ఇంట్లో అద్దం ఉంచుకోను. మంగలి అంగడిలో కుర్చీ రోడ్డు వైపు తిప్పమంటాను. ఆ కళ్ళు పెట్టింది నేనే. అంతవరకే నాకు తెలుసు.