పెన్నలో పెళ్లిబండలు

నా చిన్నప్పుడు పెన్నలో ఈత నేర్చుకున్నానని చెబితే అబద్ధమే. మా ఊరి దగ్గర ఏరంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే. నడుమ ఎత్తైన నల్లరాళ్ల గుంపు ఒకటి ఉండేది, పెళ్లిబండలు అనేవాళ్లం. ఎప్పుడో ఒక పెళ్లికూతురు తనవాళ్లతో అక్కడ ఆగి రాయైపోయిందట. ఆమె నిద్ర చెడకూడదని, పెళ్లివారు ఎవరైనా ఏరు దాటేటప్పుడు మేళం ఆపేవాళ్లు. రాయికి నిద్రేమిటని పిల్లలం నవ్వుకునేవాళ్లం. మా తాత మాత్రం నవ్వేవాడు కాదు.

మా చిన్నత్తను పెళ్లికి తీసుకుపోవడానికి గుత్తి అవతల నుంచి మగపెళ్లివారు వచ్చారు. మా పద్ధతి వాళ్లకు తెలియదు. మేమంతా ఎక్కిన ఎద్దుబండ్లు ఏట్లో దిగినా వాళ్ల తప్పెట్లు ఆగలేదు. మా తాత బతిమాలాడు, వినలేదు. ఆడపిల్ల తండ్రి నోరెత్తే రోజులు కావవి. అయినా బండల దగ్గరికి రాగానే ఆయన ఉరికి, తప్పెట మీద అరచెయ్యి అదిమిపెట్టాడు.

"ఏమప్పా, మాకు చెప్పేంతోడివా? మీ పిల్లను మీరే పెట్టుకోపో!" అని వాళ్ల పెద్దమనిషి కేకలేశాడు. అత్త ఏడ్వసాగింది. పెళ్లి చెడిపోయిందే అనుకున్నాను. తాత మీద ఒళ్లు మండిపోయింది.

మేళం ఆగి అందరూ చూస్తూ నిలబడిపోయిన ఆ క్షణంలో, ఎగువ నుంచి ఏదో దొర్లుకొస్తున్న మోత వినిపించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఏరొస్తాండాది! ఎద్దులిప్పి బండలెక్కండి!" అని తాత అరిచాడు.

ఎక్కీ ఎక్కకముందే ఎర్రనీళ్లు మా కాళ్ల కింద బండ్లను ఎత్తుకుపోయాయి. చుక్క వాన లేకుండా అన్ని నీళ్లు చూసి నేను అత్తను గట్టిగా వాటేసుకున్నాను. పైన కర్ణాటకలో ఎక్కడో కురిసి ఉంటుందన్నారు. కేకలేసిన ఆ పెద్దమనిషి మా తాత చెయ్యి పట్టుకుని వదల్లేదు.

రాయైన పెళ్లికూతురే మనల్ని కాపాడిందా అని తాతను అడిగాను.

"ఆమె రాయి కాలేదు పాపా. మేళం మోతలో ఏరు ఇనపడక కొట్టుకపోయింది. మా అక్క. ఊరికే మేళం ఆపండంటే ఎవురింటారు? అందుకే మా నాయన ఆ కత కట్టినాడు."

ఏరును చూసినప్పటికన్నా ఆ మాటకే నాకు ఎక్కువ దడ పుట్టింది. ఆ కథలో మా ఇంటి మనిషి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి తాత వయసు. ఏ ఊళ్లో ఎవరు ఇలా మనిషి రాయైన కథ చెప్పినా, పక్కవాళ్లు నవ్వుతున్నా, నేను ఒక్కటే అడుగుతాను: అక్కడ పోయింది ఎవరి బిడ్డ?