నేను రైట్ కొట్టిన మిరప చేను

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లెక్కలనేవి పిల్లలకు పుస్తకంలో కాదు, బతుకులో కనిపించాలన్నది ఒకటి. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదన్నది రెండోది. కొత్తగా ఉద్యోగం వచ్చి, నకరికల్లు వైపు ఒక పల్లెలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్నాను. శనివారం ఇచ్చి సోమవారం తీసుకునే వారం హోంవర్క్ నా సొంత ప్రయోగం. మా హెడ్మాస్టరుగారు (సర్వీసంతా గుణకారాలతోనే గట్టెక్కించిన మనిషి) పది గుణకారాలిచ్చి పంపరాదా అమ్మా అన్నారు. వింటేగా! వైశాల్యం పాఠం అవగానే, మీ చేను పొడవు, వెడల్పు కొలిచి వైశాల్యం కట్టుకు రండని ఏడో తరగతికి చెప్పాను. దేంతో కొలవాలి మేడం అంటే, ఏది ఉంటే దాంతో అన్నాను. అదీ నా ట్రైనింగు మహిమ.

సోమవారం నలభై పుస్తకాలు వచ్చి పడ్డాయి. సాయంత్రం బస్సు వేళ అవుతోంది. గుణకారం కుదిరితే చాల్లెమ్మని చకచకా ఎర్ర పెన్నుతో రైట్లు కొట్టి సంతకాలు పెట్టేశాను. (యూనిట్ రాయకపోతే లెక్క తప్పు అని పిల్లలచేత పదేసిసార్లు రాయించేది కూడా నేనే.)

మర్నాడు బడి గంట కొట్టకముందే ఇద్దరు అన్నదమ్ములు వచ్చి నిలబడ్డారు. పెద్దాయన కొడుకూ, చిన్నాయన కూతురూ నా ఏడో తరగతే. తండ్రి పంచి ఇచ్చిన మిరప చేను ఇద్దరిదీ, మధ్యన ఒక గట్టు. పెద్దాయన రెండు పుస్తకాలూ నా బల్ల మీద పరిచారు. పిల్లాడి లెక్కలో వాళ్ళ చేను మూడు వేల ఆరు వందలు. పిల్ల లెక్కలో వాళ్ళది ఆరు వేల నాలుగు వందల ఎనభై. రెండింటికీ నా రైటు, నా సంతకం.

"దస్తావేజులో సమానం రాసుకున్నాం మేడం. చేలో చూస్తే మా తమ్ముడికి దగ్గర దగ్గర రెట్టింపు పోయింది. గవర్నమెంటోళ్ళు, మీరే రైట్ కొట్టారు గదా" అన్నారాయన.

చిన్నాయనా తక్కువ తినలేదు. గట్టు జరిపిన దొంగననేగా మీ మాట, అయితే ఈ ఏడు కోటప్పకొండకి ఉమ్మడి ప్రభ లేదు, ఎవరి వెదురు బొంగులు వాళ్ళు పట్టుకుపోదాం అన్నాడు. ఏటా శివరాత్రి తిరనాళ్ళకి ఆ అన్నదమ్ములిద్దరూ కలిసే వెదురు బొంగులతో తాడెత్తు ప్రభ కట్టి లేపుతారు. నా రైటు దెబ్బకి అది ఆగిపోయేట్టుంది. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. గుణకారాల మాట మాత్రం ఎత్తలేదు. ఆ మంచితనమే నన్ను చంపింది.

పిల్లలిద్దర్నీ పిలిచి దేంతో కొలిచారని అడిగాను. అంగలేసి కొలిచామన్నారు. అప్పుడు వాళ్ళను పక్కపక్కన నిలబెట్టి చూశాను. పిల్లాడు తాడిచెట్టులా నా భుజం దాటిపోయాడు, పిల్ల వాడి మోచేతికి కాస్త పైకొచ్చింది. హమ్మయ్య అనుకుని అందర్నీ చేలోకి తీసుకుపోయి, పెద్దనాన్న చేనును ఆ పిల్లచేత కొలిపించాను. పెద్దాయన వెంట నడుస్తూ తనే అంగలు లెక్కపెట్టారు. పొడవు నూట ఇరవై, వెడల్పు యాభై నాలుగు. చేను తనది, అంకెలు తమ్ముడివి! ఆయన వంగి పిల్ల పాదాల వంక చూశారు.

"నీ కాళ్ళు ఇంతే ఉన్నయ్యేందే" అని నవ్వేశారు. చిన్నాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. బొంగుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే, మరి మీరెందుకు రైట్ కొట్టారు మేడం అని పెద్దాయన అడగనే అడిగారు. చూడకుండా కొట్టానండీ అని ఒప్పేసుకున్నాను. ఆ పిల్ల వినేసింది. క్లాసులోకి వెళ్ళగానే చెయ్యెత్తింది.

"యూనిట్ మేం రాయలేదు, మీరు చూళ్ళేదు. ముగ్గురం పదిసార్లు రాయాల మేడం."

రాశాం. వాళ్ళు పుస్తకాల్లో, నేను బోర్డు మీద. క్లాసంతా గొంతెత్తి లెక్కపెట్టింది. ఏడోది వంకర పోయిందని నాచేత చెరిపించి మళ్ళీ రాయించారు కూడా.

ఇప్పుడు నాకు కళ్ళద్దాలు వచ్చాయి. వారం హోంవర్క్ మానలేదు గానీ, ఇంట్లో మంచం కొలుచుకు రమ్మంటున్నాను, అదీ స్కేలుతో. మంచం దగ్గర అన్నదమ్ములు తగువు పడరని నా ధైర్యం. అయినా, ఊరి చేలన్నీ కొలిపించబోయిన ఆ పొగరుబోతు పంతులమ్మ గుర్తొస్తే కోపం రాదు, ముద్దొస్తుంది. ఏమైనా ఆవిడ అంగలు నా అంగల కంటే పెద్దవి.