మా ఆయన చెవి, మా అన్నయ్య బట్టీ

పెంకు మీద వేలితో కొట్టి, ఆ మోత విని అది ఎంత బాగా కాలిందో చెప్పేవాడు మా ఆయన. ఊళ్లో ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. ఇంట్లో నేను పిలిస్తే మాత్రం ఆ చెవికి వినపడేది కాదు, అది వేరే సంగతి.

రేకులూ శ్లాబులూ వచ్చాక పెంకుల బట్టీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి మా ఆయనది, ఒకటి మా అన్నయ్యది. అప్పుడు పరిశ్రమల ఆఫీసు వాళ్లు ప్రణాళిక అంటూ వచ్చారు. మంచి పెంకు తీసే బట్టీ ఒక్కటే ఉంచి, దానికి కొత్త యంత్రాలిచ్చి, రంగు పెంకులు చేయించి పెద్ద ఊళ్లకు అమ్మిస్తారట. రెండోది మూసేసి, అక్కడి వాళ్లను ఇందులో పనికి పెట్టుకోవాలట. తేల్చడానికి రెండు బట్టీల పెంకులూ ముద్రలు లేకుండా బల్ల మీద పెట్టారు. బయటి నుంచి ఎవరినో పిలుస్తామంటే మా అన్నయ్యే వద్దన్నాడు. మా బావ చెవి ఉండగా ఇంకొకరెందుకన్నాడు. పోటీదారుడినే తీర్పు చెప్పమనే వెర్రిబాగులవాళ్లు మా పెంకుల వాళ్లలో తప్ప ఇంకెక్కడుంటారు?

పక్కనున్నవాళ్లకు రెండూ ఒకేలా మోగాయి. మా ఆయనకు మాత్రం ఒకదాంట్లో, సరిగా కాలని పెంకుకుండే సన్నటి జీర వినిపించింది. అది తన పెంకేనని పోల్చుకున్నాడు. అదే మంచిదని చెప్పేశాడు.

ఇంటికొచ్చి కంచం పక్కకు నెట్టేశాడు. జరిగింది నాకు చెప్పాడు. పిల్లలు గుర్తొచ్చారన్నాడు. మా అన్నయ్యకు పిల్లల్లేరా అని దులిపేశాను. సోమవారం సంతకాలు, ఈలోగా వెళ్లి నిజం చెప్పమని వెంటపడ్డాను. రేపు, రేపంటూ నాన్చాడు.

ఆదివారం పొద్దున మా అన్నయ్యే వచ్చాడు. పోట్లాడితే బాగుండును అనుకున్నాను. సంచీలోంచి పోటీలో పెట్టిన ఆ రెండు పెంకులే తీసి నేల మీద పెట్టాడు.

"నిన్నంతా కొట్టి చూశాను బావా. నాదే బాగుందనిపిస్తోంది. నువ్వు అబద్ధం చెప్పవు కాబట్టి నా చెవే చెడిపోయి ఉంటుంది. ఇక మీ దగ్గరే పని చేయాలిగా, కాస్త నేర్పు."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన పక్క గది వైపు చూశాడు. అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు. నేనైనా నిజం చెప్పేయొచ్చు, కానీ సిగ్గుతో చచ్చిపోతూనే వెళ్లి ఆ గది తలుపు దగ్గరగా వేశాను. ఆయన జీర ఉన్న పెంకు చేతిలోకి తీసుకుని, వేలితో కొట్టి, ఇలా పలకాలన్నాడు. మా అన్నయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"అవును బావా," అన్నాడు, "ఇప్పుడు తెలుస్తోంది."